కాల్చి చూసిన మనిషి

పోయిన నెల ఇక్కడ ఐర్లండ్‌లో, మా కార్క్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఎవరో అమ్మకానికి పెట్టిన సోఫా ఫొటోకీ ఇంకెవరో అడిగిన కరివేపాకు మొక్కకీ మధ్య ఒక కబురు వచ్చింది. "కెమిస్ట్రీ ఆంటీ ఈ ఉదయం పోయారు. నిద్రలోనే." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి, "ఆవిడ ఏం చేసేవారండీ?" అని అడిగింది. ఒకరు "ఫార్మాలో రిటైరయ్యారు" అని రాశారు. "కాదు, హిస్టరీ పుస్తకాలు రాసేవారు" అని మరొకరు సరిదిద్దారు. రెండూ నిజమే. నేను కూడా ఏదో టైపు చేసి, చెరిపేసి, ఫోను పక్కన పెట్టేశాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది వాట్సాప్‌లో పట్టేది కాదు.

ఆవిడకు వాసన తెలిసేది కాదు. కార్క్ పక్కన రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో కాకినాడ నుంచి కెమిస్టుగా వచ్చి, సాల్వెంట్ల మధ్యే సగం జీవితం గడిపారు. "ముక్కుని అక్కడే వదిలేసి రిటైరయ్యాను" అని నవ్వేవారు. అందుకని ఎదుటివాళ్ళ ముక్కులు అరువు అడిగేవారు. వినాయకచవితికి అందరం హాల్లో కలిసినప్పుడు ఇంగువ డబ్బా మూత తీసి, అటుగా పోతున్న ఏ పిల్లనో ఆపి, "ఏం వాసనో చెప్పు" అనేవారు. ఇక్కడ పుట్టిన పిల్లలు కదా, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ కార్క్ యాసలో జవాబిస్తారు. "ఇట్స్ గ్రాండ్, ఆంటీ." ఫరవాలేదు, బాగుంది అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

"గ్రాండ్ అనేది వాసన కాదమ్మా. దేనిలా ఉంది?"

ఒకసారి అలా అడిగితే ఒక పిల్ల ముక్కు చిట్లించి, వానలో తడిసిన బస్సు సీటులా ఉందని చెప్పింది. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు! "అదీ! అలా చెప్పాలి" అని డబ్బా మూసి, పోయిన వస్తువేదో దొరికినట్టు మురిసిపోయారు.

ఇంకో అలవాటు కొందరికి నచ్చేది కాదు. ఎవరేం చెప్పినా, "నీకెలా తెలుసు?" అనేవారు. ఫలానా స్కూలు మంచిదంటే నీకెలా తెలుసు. ఫలానా జీపీ డాక్టరు సరిగ్గా చూడడంటే నీకెలా తెలుసు. అందులో ఎకసెక్కం ఉండేది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవారు. మనం "ఎవరో అన్నారు" అంటే, "ఎవరు?" అనేవారు. అక్కడికి చాలామంది లేచి టీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోయేవారు.

ఎప్పుడో గతించిన రసాయన శాస్త్రజ్ఞుల గురించి ఆవిడ పక్కింటివాళ్ళ సంగతులు చెప్పినట్టు చెప్పేవారు. "ఆయనకి ఆ రోజు పంటినొప్పి, పాపం. అందుకే ఆ తూకం తప్పాడు." "ఈయన మహా చాదస్తుడు, గాజు కుప్పెల్ని ఇంకొకర్ని ముట్టనిచ్చేవాడు కాదు." మంచివాళ్ళయితే ఆయన, గారు. మోసగాళ్ళయితే వాడు, వీడు. నడివయసులో ఉద్యోగం చేస్తూనే యూనివర్సిటీలో చేరి సైన్సు చరిత్ర చదివి, పుస్తకం రాశారు. మన్‌స్టర్ ప్రాంతంలోని చిన్న చిన్న ఊళ్ళలో మందుల కొట్లు పెట్టుకుని, వెనక గదుల్లో ప్రయోగాలు చేసిన వాళ్ళ కథలవి. ఆ పుస్తకానికి మంచి పేరొచ్చింది. ముఖ్యంగా ఒక అధ్యాయానికి.

నేను ఆవిడను మొదట చూసింది ఆ అధ్యాయం గురించి మాట్లాడుతుండగానే. మాది వరంగల్ దగ్గర. అప్పటికి నేను రింగాస్కిడీలో ఒక ప్లాంటులో క్వాలిటీ ల్యాబులో చేరి ఎంతో కాలం కాలేదు. కార్క్ లైబ్రరీలో తెలుగావిడ ఎవరో కెమిస్ట్రీ మీద మాట్లాడుతున్నారంటే, సెలవు రోజు కదా అని వెళ్ళాను. పచ్చ అంచు తెల్లచీర మీద వానకోటు వేసుకుని, బల్లకు ఆనుకుని నిలబడి, కాగితం చూడకుండా మాట్లాడుతున్నారు.

కథ ఇది. ఐదారు తరాల కిందట, క్లేర్ కౌంటీలో సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో ఒక మందుల కొట్టువాడు ఉండేవాడు. అక్కడి బీదవాళ్ళు కెల్ప్ అనే పొడవాటి నాచును ఏరి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదను పట్నం వర్తకులకు అమ్మేవారు. అందులోంచి అయోడిన్ తీసేవారు. ఈ కొట్టువాడు, "మా ఒడ్డు బూడిదలో మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ అయోడిన్ ఉంది, నేను తీసి చూశాను, మావాళ్ళకు సరైన ధర ఇవ్వండి" అని వాదించాడు. పట్నం నుంచి పరీక్షకులు వచ్చి, అదే ఒడ్డు నాచును తీసుకెళ్ళి, కాల్చి చూస్తే దాదాపు ఏమీ రాలేదు. "మీరు మంట ఎక్కువ పెట్టారు, అంతా పొగలో పోయింది" అన్నాడు కొట్టువాడు. ఎవరూ వినలేదు. అబద్ధాలకోరని పేరు పడి, కొట్టు మూతబడి, దిక్కులేకుండా పోయాడు.

ఇక్కడ ఆవిడ ఆగి, తన పుస్తకంలోని వాక్యం చెప్పారు: "పట్టుబడిన ప్రతి మోసగాడూ నిప్పునే తప్పుపడతాడు." హాలంతా నవ్వింది. ఆ వాక్యాన్ని పత్రికలన్నీ ఎత్తి రాశాయని తర్వాత తెలిసింది.

ప్రశ్నలడగమన్నప్పుడు నేను చెయ్యెత్తాను. నాకు చరిత్ర తెలియదు. మా ల్యాబులో ఒక రిజల్టు తప్పితే, సరుకు చెడ్డదనే ముందు, టెస్టు సరిగ్గా చేశామా అని మళ్ళీ చేసి చూస్తాం. అది చెప్పి, "మీరు కాల్చి చూశారా?" అని అడిగాను.

ఆవిడ బల్ల వదిలి, నిటారుగా నిలబడి నావైపు చూశారు. తప్పు మాటేదో అన్నాననుకున్నాను. సభ నడిపిస్తున్నాయన దగ్గి, వేరే ప్రశ్న ఉందా అన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండండి. ఈ అమ్మాయికి జవాబు చెప్పాలి." తర్వాత నెమ్మదిగా, "లేదు. కాల్చి చూడలేదు" అన్నారు.

బయటికి వస్తుంటే వెనకనుంచి తెలుగులో పిలిచారు. "ఏ ఊరమ్మా మనది?"

"వరంగల్ దగ్గర, మేడమ్. తప్పు మాట్లాడిన్నా?"

"అందరినీ నీకెలా తెలుసు అని తినేస్తాను. నన్నెవరూ అడగలేదు చూడు ఇన్నాళ్ళూ." వానకోటు బొత్తాలు పెట్టుకుంటూ, "నీకు కారుందా?" అన్నారు.

అలా నేను ఆవిడకు డ్రైవరునీ, ముక్కునీ అయ్యాను.

మొదటిసారి, ఆ క్లేర్ ఊరి ఒడ్డుకే వెళ్ళి నాచు ఏరి కాల్చినప్పుడు మాకేమీ రాలేదు. ఎండాకాలమే అయినా, ఆరబెట్టిన నాచు మీద ఓ జల్లు పడింది. ఒడ్డున రాళ్ళు పేర్చిన గాడిలో మంట వేస్తే గాలికి నిలువెత్తు లేచింది. బూడిద తెచ్చి, ఆవిడ ఇంటి వెనక షెడ్డులో నానబెట్టి, వడగట్టి, కాచి, గంధకామ్లం కలిపి వేడి చేస్తే కుప్పెలో మామూలు ఆవిరి తప్ప రంగన్నది లేదు. నాకు లోపల సంతోషమే అయింది. "అయితే మీ బుక్కే కరెక్ట్ మేడమ్. ఇగ వదిలేద్దాం" అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుని కుప్పెనే చూస్తున్నారు. "రాలేదని తెలిసింది. ఎందుకు రాలేదో తెలియలేదు కదే."

"ఆ పరీక్షకులకు కూడా గిట్లనే రాలే కదా."

ఆవిడ తలెత్తారు. "ఇలాగే... అవును. వాళ్ళూ మనలాగే చేశారేమో. పట్నంలో పెద్ద కొలిమి, పెద్ద మంట." వేలితో కుప్పెను తట్టి అన్నారు. "అయోడిన్ వేడికి నిలవదు. మంట ఎక్కువైతే పొగతో పాటే పోతుంది. అసలు ముందే వానకి సగం కడుక్కుపోయింది. ఇది ఇంటర్మీడియెట్ పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలుసు. తెలిసి ఉండీ ఆ వాక్యం రాశాను."

తన వాక్యం నిలబడే ఫలితం చేతికొచ్చాక కూడా దాన్ని నమ్మని మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా ల్యాబులో మనకు కావలసిన అంకె వస్తే టీకి వెళ్తాం.

రెండోసారి పొడి రోజుల కోసం ఎదురు చూశాం. ఈసారి నాచును ఆవిడ షెడ్డులోనే ఆరబెట్టి, మళ్ళీ ఆ ఒడ్డుకు తీసుకెళ్ళాం. గాడిలో చిన్న నిప్పు పెట్టి, కాస్త కాస్తగా వేస్తూ, మంట లేవబోతే పచ్చిక పెళ్ళలు కప్పుతూ పగలంతా కాల్చాం. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, పొగకు కళ్ళ నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, "కప్పు, కప్పు, అటు లేస్తోంది" అని అరుస్తున్నారు. పొగ చూసి ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. యూనిఫాంలో ఒక పొడుగాటి యువకుడు గట్టు దిగి వచ్చి, ఇద్దరు ఇండియన్ ఆడవాళ్ళు మసి ముఖాలతో ఏం కాలుస్తున్నారో అర్థం కాక నిలబడిపోయాడు.

"ఏం చేస్తున్నారిక్కడ?"

"ఒక మనిషిని అబద్ధాలకోరన్నాను. అవునో కాదో చూస్తున్నాను" అన్నారు ఆవిడ ఇంగ్లీషులో. వెంటనే, "నువ్వు కొంచెం దగ్గరికి రా నాయనా, ఏం వాసన వస్తోందో చెప్పు" అన్నారు.

అతను పేర్లు రాసుకోవడానికి వచ్చినవాడు, వంగి వాసన చూసి, వాళ్ళ తాత పడవలా ఉందన్నాడు. తర్వాత వెళ్ళకుండా కాసేపు పచ్చిక పెళ్ళలు మోసిపెట్టాడు.

ఆ వారాంతం షెడ్డులో, తలుపు బార్లా తీసి, కుప్పె వేడి చేశాం. మొదట ఏమీ లేదు. తర్వాత ద్రవం పైన సన్నగా, నేరేడుపండు పిసికినట్టు ఒక రంగు కదిలింది. చూస్తుండగానే అది చిక్కబడి, కుప్పె మెడ దాకా ఊదారంగు పొగ నిండింది. చల్లటి గాజు పళ్ళానికి తగిలి నల్లటి పలుకులై మెరిసింది. నేను రోజూ మిషన్లతో పనిచేసేదాన్ని. అంకెలు చూస్తానే కానీ, ఒక పదార్థం ఇలా లేచి తన ముఖం చూపించడం ఎప్పుడూ చూడలేదు.

"ఏం వాసన?" అన్నారు.

"చిన్నప్పుడు మోకాలు చీరుకపోతే మా నాయనమ్మ రాసిన మందు లెక్కుంది మేడమ్."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆయన అబద్ధం చెప్పలేదు" అన్నారు.

అంతవరకు ఆ మనిషి ఆవిడ నోట వాడే. ఆ రోజు నుంచి ఆయన అయ్యాడు. మళ్ళీ ఒక్కసారి కూడా తప్పలేదు.

అయినా ఆవిడకు చాలలేదు. మళ్ళీ చేశాం. ఆ తర్వాత, "నేను పక్కన లేకుండా నువ్వొక్కత్తివే చెయ్యి. నాకు రావాలని ఉంది కాబట్టి వస్తోందేమో" అన్నారు. చేశాను. వచ్చింది. అప్పుడు కూర్చుని, తన పేరు మీదే, తన అధ్యాయం తప్పని ఒక వ్యాసం రాసి పత్రికకు పంపారు. పుస్తకం వేసినవాళ్ళు, తర్వాతి ముద్రణలో కింద చిన్న అక్షరాల్లో వేద్దామన్నారు. ఒక ప్రొఫెసర్ స్నేహితుడు ఫోన్ చేసి, చచ్చి ఇన్నేళ్ళయిన మనిషి కోసం నీ పరువెందుకు తీసుకుంటావన్నాడు. ఆ ఏడు ఆవిడకు రావలసిన ఒక గౌరవ పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేవన్ అనే ఊళ్ళో ఉండే ఆవిడ కూతురు కూడా, "ఊరుకోమ్మా, వ్యాసం రాశావు కదా" అంది. ఆవిడ వినలేదు.

"వ్యాసం చదివేది నాలాంటివాళ్ళు. నేను ఆయన్ని అన్నది ఊరందరూ నవ్వేలా కదా. ఒడ్డు దాకా వెళ్ళొచ్చాం. ఈసారి ఊళ్ళోకెళ్ళాలి."

శనివారం పొద్దున్నే బయల్దేరి, లిమరిక్‌లో టీ తాగి, మధ్యాహ్నానికి చేరాం. ఆ కొట్టాయన వంశంలో ఒక పెద్దాయన ఇంకా అక్కడే వ్యవసాయం చేస్తున్నాడని తెలిసింది కానీ, ఇల్లు తెలియదు. పెట్రోలు బంకు పక్క కొట్లో అడిగాం. ఆ ఊళ్ళో సగంమందిది ఒకటే ఇంటిపేరు, అందుకని ఒక్కో కుటుంబానికి ఒక్కో అడ్డపేరు. కొట్లో ఆవిడ చిల్లర లెక్కపెడుతూ, ఏ ద్వేషమూ లేకుండా, "ఓ, పొగవాళ్ళా? చర్చి దాటాక ఎడమవైపు" అంది.

"పొగవాళ్ళా? ఆ పేరెందుకు?"

"ఏమో. ఎప్పటినుంచో అంతే. మా ఊళ్ళో ఎవరైనా కోతలు కోస్తే పొగ మాటలంటాం."

ఆవిడ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. కారెక్కాక కూడా బెల్టు పెట్టుకోలేదు. నేనే వంగి పెట్టాను.

పెద్దాయనకు ఎనభై ఉంటాయి. తలుపు తీసి, మమ్మల్ని చూసి, కుక్కను అదిలించి, లోపలికి రమ్మన్నాడు. కెటిల్ పెట్టబోతుంటే ఈవిడ కూర్చోకుండా, ఆ పుస్తకం రాసింది నేనేనని చెప్పారు.

"తెలుసు. వెనక అట్ట మీద మీ ఫొటో ఉంది. ఆ అల్మారాలోనే ఉంది పుస్తకం" అని గోడవైపు చూపించాడు. ఆ తర్వాత కెటిల్ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి, పైకి అప్పజెప్పాడు. "పట్టుబడిన ప్రతి మోసగాడూ నిప్పునే తప్పుపడతాడు. బాగా రాశారు."

"బాగానే రాశాను. చూడకుండా రాశాను. ఆయన చెప్పింది నిజం. నేను కాల్చి చూశాను. మీకు క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను."

ఆయన కంగారుపడ్డాడు. "యు ఆర్ గ్రాండ్, అంతా పాత సంగతి. కూర్చోండి."

"నేను గ్రాండ్ కాదండీ. అలా అని నన్ను వదిలేయకండి. మీకు కోపం ఉంటే చెప్పండి, వింటాను."

కెటిల్ మరిగి ఆగిపోయింది. ఆయన దాన్ని అలాగే వదిలేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న నలుగురిలో ఏం చెప్పినా, పశువు ఈనిందని చెప్పినా, ముందు దేవుడి మీద ఒట్టు వేసేవాడట. పిల్లలు నవ్వేవారట. "నాకూ అదే అలవాటు. ఎందుకో మీ పుస్తకం వచ్చాకే తెలిసింది" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. అదే వినలేకపోయాను నేను. ఆవిడ మాత్రం నిలబడే మొత్తం విన్నారు. తర్వాత చేతిసంచీలోంచి, మూతి కరిగించి మూసిన చిన్న గాజు గొట్టం తీసి ఆయన అరచేతిలో పెట్టారు. నల్లటి పలుకులు. "మీ ఒడ్డు నాచులోంచి వచ్చింది." ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఊళ్ళో చూపిస్తారా?" అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

"అందుకే వచ్చాను. హాలు ఎవర్ని అడగాలి?"

నవంబరులో ఆ ఊరి పారిష్ హాల్లో కుర్చీలు చాలలేదు. అక్కడ ఇంకేం కాలక్షేపం ఉంటుంది, అందుకే వచ్చారనుకున్నాను. ఆవిడ ముందు తన వాక్యం చదివారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. "ఇది రాసేనాటికి నేను మీ ఊరు చూడలేదు. నాచు చేత్తో పట్టుకోలేదు. నాకంటే ముందు ఎవరో రాసింది నమ్మి, నవ్వొచ్చేలా రాశాను" అన్నారు. ఆ తర్వాత మాటలు ఆపి, కుప్పె కింద దీపం వెలిగించారు. కిటికీలన్నీ తెరిపించారు, చలికి అందరం కోట్లు బిగించుకున్నాం. ఊదారంగు లేచినప్పుడు వెనక వరసలో ఎవరో "జీసస్" అన్నారు.

చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. అప్పుడు కొట్లో ఆవిడ లేచి, ముందు వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంది. ఇక్కడ చావు జరిగిన ఇంటికి వెళ్ళి అనే మాట అది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. హాలంతా వరసకట్టి, ఒక్కొక్కరూ ఆయన చెయ్యి పట్టుకుని, ఎన్ని తరాల కిందటో పోయిన మనిషికి అప్పుడు పరామర్శ చెప్పారు. ఆయన ప్రతి ఒక్కరికీ తలూపాడు. ఆవిడ బల్ల దగ్గరే నిలబడి చూశారు. ఆ వరసలో చివర తనూ నిలబడ్డారు.

అందరూ వెళ్ళాక ఆయన మమ్మల్ని చర్చి వెనక సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాడు. సన్నటి జల్లు పడుతోంది. గోడ వారగా, అక్షరాలు అరిగిపోయిన ఒక పలక. ఇదే అన్నట్టు చూపించాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళబోయి ఆగి, వంగి, బూట్లు విప్పారు. మేజోళ్ళు కూడా తీసి బూట్లలో కుక్కి, బురదగా ఉన్న పచ్చికలో వట్టి కాళ్ళతో నడిచి, పలక ముందు చేతులు జోడించి నిలబడ్డారు. పాదాలు చలికి ఎర్రబడిపోయాయి.

పెద్దాయన ఆవిడ పాదాల వైపు చూశాడు. పక్క సమాధి రాతి మీద మెల్లగా కూర్చుని, తన బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.